పదమూడో నియమం

చేపల పొగగూడు నుంచి ఇంటికొచ్చి
చేతులకి నిమ్మచెక్క రుద్దుకుని
రాత్రి ఎనిమిదికి పుస్తకం తెరుస్తాను.
ఫిబ్రవరిలో రిఫరీ పరీక్ష.
ఎదురుగా కుర్చీలో వాటీ మామయ్య,
కాళ్ళ మీద కంబళి,
కిటికీ అవతల స్కాట్లాండు మొత్తాన్నీ
ఊడ్చుకుపోయేలా సముద్రపు గాలి.

ఇరవై అయిదు నియమాలు.
ఒక్కోదాని కడుపులో పిల్ల నియమాలు,
పిల్లల చంకల్లో మినహాయింపులు.
కుందేలు బొరియలో పడ్డ బంతికి ఊరట ఉంది,
వానపాము తొలిచిన కన్నానికి లేదు.
"దేవుడు పదింటితో సరిపెట్టాడే" అంటాడు మామయ్య.

చదివింది నిలవాలంటే చూడాలట.
టేపు పెట్టిస్తాడు.
ఎనభై ఆరు, ఉత్తర తీరపు కప్పు, ఆఖరి రోజు.
రంగులు కారిపోయి గడ్డి ఊదాగా ఉంటుంది.
తెర అడుగున వాన కురిసినట్టు గీతలు.
ఆ రోజు వాన లేదు, ఒట్టి గాలే,
అని ప్రతిసారీ చెబుతాడు.

తెర మీద మామయ్యకి నడుముంది.
చెవి మీద సిగరెట్టు, మెడలో అక్క అల్లిన మఫ్లరు.
ఆపి, అడుగుతాడు:
ఇన్నెస్ గెడ్డీస్ బంతి ముళ్ళపొదలో పోయింది,
ఎంతసేపు వెతకనిస్తావు?
అప్పుడు అయిదు నిమిషాలు, ఇప్పుడు మూడు.
"నా చూపు మందగించాక తగ్గించారన్నమాట."
బంతిని ఎంత ఎత్తు నుంచి వదలాలి?
అప్పుడు భుజం, ఇప్పుడు మోకాలు.
కుడి చెయ్యి పైకి లేవని మనిషి
ఇది మాత్రం బాగుందని
బిస్కెట్టు టీలో ముంచుతాడు.

పద్దెనిమిదో గుంట.
నాలుగడుగుల దూరం. పడితే కప్పు మనది.
బంతి వెనక పట్టర్ ఆనించాడు.
గాలి ప్యాంటుని జెండా గుడ్డలా కొడుతోంది.
ఉన్నట్టుండి వెనక్కి తగ్గి
చెయ్యెత్తి రిఫరీని పిలిచాడు.
కదిలిందన్నాడు.
గెడ్డీస్ చూడలేదు. జనం చూడలేదు.
ఒక స్ట్రోకు పెనాల్టీ.
ఆ తడబాటులో నాలుగడుగులూ తప్పిపోయాయి.

నేను ఒక్కో బొమ్మనీ ఆపి చూశాను.
ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి.
తెరకి ముక్కు ఆనించి చూశాను.
నువ్వుగింజంత తెల్లచుక్క
వణికింది టేపో, బంతో,
తేలలేదు.

ఇన్నాళ్ళూ దాచుకున్న పేజీ
ఈ రాత్రి చదివి వినిపించాను.
పదమూడో నియమం: పచ్చిక గద్దె మీద
ఆటగాడి వల్ల పొరపాటున బంతి కదిలితే
పెనాల్టీ లేదు, తిరిగి అక్కడే పెట్టుకోవచ్చు.
"మళ్ళీ చదువు."
మళ్ళీ చదివాను.
పొయ్యిలో బొగ్గు ఒకటి చిట్లింది.
కప్పు అడుగున మెత్తబడ్డ బిస్కెట్టుని
చెంచాతో తీసుకుని తిన్నాడు, తొందర లేకుండా.

"ఎవరూ చూడలేదు కదా మామయ్యా,
చెప్పకపోతే ఏమయ్యేది?"
అడిగాక నాలుక కరుచుకున్నాను.
రిఫరీ కాబోయేదాన్ని.

"నేను చూశాను" అన్నాడు,
వాకిట్లో పాలసీసా చూశానన్నంత మామూలుగా.
తర్వాత,
"ఏడో గుంటకి తిప్పు."

తిప్పాను.
జనం కాళ్ళ మధ్యనుంచి ఒక మచ్చల కుక్క
దూసుకొచ్చి, గెడ్డీస్ బంతి నోట కరుచుకుని
ఇసుకదిబ్బల వైపు పరుగు.
వెనక ఇద్దరు పెద్దమనుషులు, టోపీలు పట్టుకుని.
"నియమం?"
బయటి శక్తి. బంతి ఉన్నచోటే ఇంకోటి పెట్టాలి,
ఎవరికీ పెనాల్టీ లేదు.
"కుక్కకి?"
వెతికాను. కుక్కకి ఏమీ రాయలేదు.
"చూశావా" అన్నాడు మామయ్య,
కడుపు కదిలేలా నవ్వుతూ. "అది మాదే.
ఆ సంగతి మాత్రం గెడ్డీస్‌కి ఇప్పటికీ చెప్పలేదు."

అక్కడే ఆపమన్నాడు.
నాలుగు కాళ్ళూ గాలిలో ఉన్న కుక్క,
పళ్ళ మధ్య తెల్లగా బంతి.
పుస్తకం మూసి
నేనూ కాసేపు చూస్తూ కూచున్నాను.
ఈ బంతి కదిలిందా లేదా అని
ఏ పరీక్షలోనూ అడగరు.